కోటకన్నా నకనోషిమా మిన్న: ఒసాకా దర్శనీయ స్థలాలపై సమీక్ష

జపాన్ నగరం ఒసాకాలో చూడదగినవేవని అడిగితే ఎవరైనా ముందుగా కోట పేరే చెబుతారు. కోటను తప్పక చూడవలసిందే గాని, ప్రధాన గోపురం కోసం కాదు, దాని చుట్టూ ఉన్న రాతి గోడల కోసం చూడాలి. అప్పటి పాలకుడు తొయొతొమి హిదెయోషి 1583లో మొదలుపెట్టించిన కోట 1615 యుద్ధంలో నేలకూలగా, గెలిచిన తొకుగావా వంశం దాన్ని మట్టితో కప్పించి, 1620 నుంచి దానిపైనే మరో కోటను కట్టించింది. ఇప్పుడు మనకు కనిపించే గోడలు ఈ రెండవ కోటవి. సకురా ద్వారం దాటగానే ఎదురయ్యే తాకో ఇషి అనే ఒక్క బండే వంద టన్నులకు పైబడి ఉంటుందని అంచనా. అటువంటి రాళ్లను సముద్ర ద్వీపాల నుంచి ఓడల మీద తెప్పించిన సామంతులు తమ తమ గుర్తులను వాటి మీద చెక్కించుకున్నారు; కందకం వెంట మెల్లగా నడిస్తే ఆ గుర్తులు నేటికీ కంటపడతాయి.

గోపురం సంగతి వేరు. పాతది 1665లో పిడుగుపాటుకు కాలిపోయింది. ఇప్పుడున్నది 1931లో కాంక్రీటుతో కట్టిన భవనం. లోపల లిఫ్టుతో కూడిన మ్యూజియం ఉంటుంది. చెక్క మెట్లు, పాతకాలపు దూలాలు ఆశించి వెళ్లినవారికి నిరాశ తప్పదు. అవి కావలసినవారు రైలులో ఇంచుమించు గంట ప్రయాణం చేసి హిమేజి కోటకు వెళ్లడం మంచిది. పెద్దలకు ప్రవేశ రుసుము 2025 ఏప్రిల్‌లో 600 నుంచి 1,200 యెన్లకు పెరిగింది. అయితే మట్టి కింద మరుగున పడిపోయిన హిదెయోషి కాలపు గోడను చూపించే కొత్త ప్రదర్శనశాల కూడా ఆ టికెట్టులోనే కలిసి ఉంది. నా దృష్టిలో ఆ సొమ్ముకు తగిన విలువ గోపురం పై అంతస్తులో కన్నా ఈ భూగర్భ గోడ దగ్గరే దొరుకుతుంది.

గోపురం గురించి తెలుసుకోవలసిన మరో విషయం ఉంది. దాన్ని కట్టడానికి నగర ప్రజలు పదిహేను లక్షల యెన్ల విరాళాలు పోగుచేశారు. అందులో గోపురానికి ఖర్చయినది మూడవ వంతు కూడా కాదు. పెద్ద భాగం పక్కనే సైన్యం కోసం కట్టిన ప్రధాన కార్యాలయానికి పోయింది. ఆ కార్యాలయ భవనంలో నేడు దుకాణాలు, భోజనశాలలు నడుస్తున్నాయి. ఒసాకా పాలకులు కట్టిన ఊరు కన్నా వర్తకులు తమ సొమ్ముతో కట్టుకున్న ఊరు అన్నదే నిజం. తొకుగావా వంశం పాలించిన ఎడో కాలంలో ఇక్కడి వంతెనలలో ప్రభుత్వం చూసుకున్నవి పన్నెండు మాత్రమే కాగా, తక్కినవన్నీ పట్టణవాసుల ఖర్చుతోనే నిలిచాయి. యోదోయాబాషి అనే వంతెనకు ఆ పేరు వచ్చింది దాన్ని కట్టించిన యోదోయా వర్తక కుటుంబం వల్లనే.

అందుకే రెండు నదీపాయల మధ్య సన్నగా సాగిన నకనోషిమా ద్వీపానికి నేను కోటకన్నా పెద్దపీట వేస్తాను. దాని తూర్పు భాగంలో ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న భవనాలన్నీ దాతల కానుకలే. 1904లో తెరిచిన గ్రంథాలయాన్ని సుమితోమో కుటుంబం ఇచ్చింది. పిల్లల పుస్తకాల గ్రంథాలయాన్ని వాస్తుశిల్పి తదావో అందో తానే రూపొందించి, 2020లో నగరానికి అందజేశారు. వీటి నడుమ ఎర్ర ఇటుకలతో, రాతి పట్టీలతో నిలిచిన సెంట్రల్ పబ్లిక్ హాల్ కథ మనసును కలచివేస్తుంది. షేర్ల వ్యాపారి ఇవామోతో ఎయినోసుకే అమెరికా ధనవంతులు ప్రజల కోసం సొమ్ము వెచ్చించడం చూసి వచ్చి, 1911లో పది లక్షల యెన్లు విరాళమిచ్చారు. తరువాత షేర్లలో తీవ్రంగా నష్టపోయినప్పుడు, ఇచ్చిన దానిలో కొంతైనా వెనక్కి అడగమని సన్నిహితులు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. 1916లో ప్రాణం తీసుకున్నారు. హాలు 1918లో పూర్తయింది. మూడవ అంతస్తులోని ప్రత్యేక మందిరం పైకప్పు మీద జపాన్ సృష్టిగాథను చిత్రించారు. మార్గదర్శక సందర్శన దొరికే రోజున వెళ్లి ఆ గదిని చూడమని గట్టిగా చెబుతాను.

హాలుకు ఎదురుగా ఉన్న ప్రాచ్య మృత్పాత్రల మ్యూజియం 1982లో వెలసింది. దివాలా తీసిన అతాకా సంస్థ సేకరణను సుమితోమో సంస్థలు నగరానికి ఇవ్వడంతో అది చెదిరిపోకుండా ఒకేచోట నిలిచింది. చైనా సోంగ్ వంశ కాలపు నల్లని తేనీటి గిన్నె మీద నూనె చుక్కల్లా మెరిసే మచ్చలు, కొరియా సెలడాన్ (మెరుపు పూత వేసిన మట్టి) పాత్రల లేత ఆకుపచ్చ రంగు ఎంతసేపు చూసినా తనివి తీరవు. కొన్ని సెలడాన్ పాత్రలను బయటి పగటి వెలుగు పడేలా అమర్చారు కనుక మబ్బు లేని ఉదయం వెళితే ఆ రంగు అసలు అందం తెలుస్తుంది.

దోతోన్‌బోరి అనే కాలువ ఒడ్డు వినోద వీధిలో రాత్రి దీపాల కోసం ఒక గంట చాలు. జనసమ్మర్దం మరీ ఎక్కువ. అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్న జాతీయ బున్‌రాకు (సంప్రదాయ బొమ్మలాట) నాటకశాలకు మాత్రం ఒక పూట కేటాయించాలి. ఒక్కో ముఖ్యమైన బొమ్మను ముగ్గురు ఆడిస్తారు: తలను, కుడిచేతిని ఒకరు, ఎడమచేతిని మరొకరు, పాదాలను మూడవవారు. కాసేపటికి ఆ ముగ్గురూ కంటికి ఆనకుండా పోయి బొమ్మ ఒక్కటే మిగులుతుంది. వర్తకుల అప్పులు, ప్రేమలు, పరువు బాధలే ఇతివృత్తాలుగా ఈ కళ ఇదే నగరంలో పెరిగింది. ఏడాది పొడవునా ప్రదర్శనలు ఉండవు కాబట్టి ప్రయాణ తేదీలు ఖాయం చేసుకునే ముందే కార్యక్రమాన్ని చూసుకోవాలి.

పిల్లలతో వెళ్లేవారికి కైయూకాన్ ఆక్వేరియం బాగుంటుంది. 5,400 టన్నుల నీటి తొట్టిలో తిరిగే తిమింగల సొరచేపల చుట్టూ పై అంతస్తు నుంచి కిందికి దిగుతూ చూసే ఏర్పాటు చక్కనిది.

అనేక ప్రదేశాలకు కలిపి అమ్మే ఒకరోజు పాసు, పరుగు పరుగున చాలా చోట్లు చూసేవారికే గిట్టుబాటు అవుతుంది. నకనోషిమాలో గడపాలనుకునేవారికి దాని అవసరం లేదు. నది ఒడ్డున నడకకు, గ్రంథాలయంలోకి అడుగుపెట్టడానికి రుసుము ఏదీ ఉండదు. మృత్పాత్రల మ్యూజియానికి సాధారణంగా సోమవారం సెలవు కనుక, ఆ రోజు ఒసాకాలో ఉండేవారు కోట గోడలు చూసి, ద్వీపాన్ని మరుసటి ఉదయానికి పెట్టుకోవడం మేలు.