ప్రేమ, వేసవి, ప్రైడ్ బొమ్మలు: మన గోడకి స్క్రీన్ ప్రింటా, జిక్లేనా, కాన్వాసా?

ఈమధ్య చాలామంది అడిగేది ఒకటే. హాల్లోకి మోడరన్ ఆర్ట్ ప్రింటు తీసుకోవాలి, ఎర్రటి ప్రేమ గుర్తో, వేసవి సముద్రమో, ప్రైడ్ (ఎల్జీబీటీ వాళ్ల ఉద్యమం) ఇంద్రధనుస్సో. ఏ పద్ధతిలో వేసింది కొంటే మేలు: జాలీ గుడ్డలోంచి ఇంకు నొక్కి వేసే స్క్రీన్ ప్రింటా, ఇంక్‌జెట్ మిషన్ వేసే జిక్లేనా, గుడ్డ మీద వేసే కాన్వాసా? ఏసీ గదుల్లో ఉండేవాళ్లు నచ్చింది కొనేసుకోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో అలా కుదరదు. మేలో ఎండ, ఆగస్టులో తేమ, కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి వైపైతే ఏడాది పొడుగునా ఉప్పుగాలి. పైగా ఈ మూడు రకాల బొమ్మలకీ ప్రాణం ఎరుపు, నారింజ, పసుపు, రాణీ రంగులే. ముందుగా వెలిసేవీ అవే. అందుకే నేను మొదట చూసేది ఇంకు, ఆ తర్వాతే డిజైను.

ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఎండ తగిలే గోడ మీద పాత పోస్టర్లు చూడండి. మొహాలన్నీ నీలంగా తిరిగిపోయి ఉంటాయి. నాలుగు రంగుల అచ్చులో మెజెంటా (ఊదా కలిసిన ఎరుపు), పసుపు ముందు ఎగిరిపోతాయి, నీలం, నలుపు మిగులుతాయి. ఇంద్రధనుస్సు బొమ్మని అదే పద్ధతిలో వేయిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఎరుపు, నారింజ రెండూ మెజెంటా, పసుపు కలిస్తేనే వస్తాయి కాబట్టి పై మూడు చారలూ పాలిపోతాయి, కింది నీలం చార మాత్రం కొత్తదానిలా ఉంటుంది.

వెలిసే సంగతి అటుంచితే, అసలు కొన్ని రంగులు ఆ నాలుగింటితో పుట్టవు. కళాకారుడు గిల్బర్ట్ బేకర్ 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎగరేసిన మొదటి ప్రైడ్ జెండాకి ఎనిమిది చారలు, అన్నిటికంటే పైది రాణీ రంగు. కావలసినంత గుడ్డ ఆ రంగులో దొరక్క దాన్ని తీసేశారు, తర్వాత టర్కాయిజ్ (ఆకుపచ్చ కలిసిన నీలం) కూడా పోయి ఆరు మిగిలాయి. ఎనిమిది చారల బొమ్మ కావాలని ఫ్లెక్సీ షాపులో ఇచ్చి చూడండి. రాణీ రంగు చప్పగా వస్తుంది, వయొలెట్ బురద పట్టినట్టు వస్తుంది. వేసేవాడి తప్పేం లేదు, ఆ నాలుగు ఇంకుల హద్దు అంతే.

స్క్రీన్ ప్రింటుకి ఈ బాధ లేదు. ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీను. కావలసిన రంగు డబ్బాలోనే కలుపుకుంటారు, నాలుగు రంగుల అచ్చులోలా చుక్కలు కలిపి రంగు చూపించే పని లేదు. శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు మన రెండు ఊళ్లలోనూ ఉన్నారు. బొమ్మ సొంత డిజైనై, ఒకే పూతగా పడే మూడు నాలుగు రంగులతో ఉంటే వాళ్ల చేతే వేయించుకోవచ్చు. అడగాల్సినవి ఇవి: మెష్ (స్క్రీనుకి బిగించే జాలీ గుడ్డ) సెంటీమీటరుకి 90 నుంచి 120 దారాలది (43ది టీషర్టులకి, కాగితం మీద ఇంకు మందంగా పడి అంచులు పాకుతాయి), కాగితం యాసిడ్ లేనిది 250–300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు), ఇంకు వెలుతురుకి ఎంత ఆగుతుందో చెప్పే బ్లూ వూల్ అంకె 8కి కనీసం 6. ఈ అంకె ఇంకు తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో ఉంటుంది. ఫ్లోరసెంట్ ఇంకు మాత్రం వద్దు. మొదట్లో కళ్లు చెదిరేలా ఉంటుంది, అన్నిటికంటే ముందు పోయేదీ అదే.

చెడేది ఎక్కడంటే, ఏప్రిల్, మేలో వాటర్ బేస్ ఇంకు మెష్‌లోనే ఎండిపోయి సన్న గీతలు మూసుకుపోతాయి. ప్రతి కాపీ తీశాక మెష్ మీద ఇంకు పలుచగా పరిచి ఉంచాలి, ఇంకు ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ డబ్బా మీద రాసిన మోతాదులో కలపాలి, ఫ్యాను ఆపాలి, పని పొద్దున్నే ముగించాలి. వానాకాలంలో గొడవ వేరు. ఎమల్షన్ (మెష్‌కి పూసే, లైటు తగిలితే గట్టిపడే మందు) పూర్తిగా ఆరకుండా లైటు కొడితే కడిగేటప్పుడు ఊడి వస్తుంది, సూది బెజ్జాలు పడతాయి. కాగితం కూడా తేమకి సాగుతుంది. పెద్ద షీటు మీద మొదటి రంగుకీ రెండో రంగుకీ మధ్య మిల్లీమీటరు దాకా తేడా వస్తే, పక్కపక్క చారల మధ్య తెల్ల గీత బయటపడుతుంది. కాగితాన్ని ముందు రోజే ప్రింటు వేసే గదిలో పెట్టాలి. లేత రంగు ముందు వేసి, ముదురు రంగు దాని మీదకి అర మిల్లీమీటరు ఎక్కేలా ఫిల్ము (బొమ్మని స్క్రీనుకి ఎక్కించే పారదర్శక షీటు) తీయాలి.

కొనేటప్పుడు మోసం ఎక్కువ జరిగేది ప్రేమ బొమ్మల్లోనే. రాబర్ట్ ఇండియానా 1965లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం క్రిస్మస్ కార్డుకి చేసిన 'లవ్' డిజైను, పక్కకి ఒరిగిన 'ఓ' అక్షరంతో ఉండేది, అందరూ చూసిందే. దానికి కాపీరైటు రక్షణ లేకపోవడంతో నకళ్లు లెక్కలేనన్ని వచ్చాయి. స్క్రీన్ ప్రింటు అని అమ్మేవాటిలో ఇంక్‌జెట్టు ఉంటుంది, ఆఫ్‌సెట్టూ (పోస్టర్లు వేసే నాలుగు రంగుల అచ్చు) ఉంటుంది. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం పెట్టి ఎరుపులోకి చూడండి. పువ్వు రేకుల్లా చుక్కలుంటే ఆఫ్‌సెట్, చల్లినట్టు తుంపరుంటే ఇంక్‌జెట్. అసలు స్క్రీన్ ప్రింటులో ఎరుపు ఒకే పూతలా ఉంటుంది, ఏటవాలు వెలుతురులో అంచు దగ్గర ఇంకు కాస్త ఎత్తుగా కనిపిస్తుంది.

వేసవి బొమ్మల దగ్గర మాత్రం జిక్లేకే ఓటు. నీళ్ల మీద మెరుపు, ఇసుక లేత నుంచి ముదురుకి తిరగడం, సాయంత్రం ఆకాశం, ఇవన్నీ స్క్రీనులో పెట్టాలంటే డజను స్క్రీన్లు కావాలి. జిక్లే అంటే మేలురకం ఇంక్‌జెట్టే; ఎనిమిది నుంచి పన్నెండు ఇంకులు వాడే మిషన్లున్నాయి, నారింజ, వయొలెట్ విడిగా ఉన్నది దొరికితే మరీ మంచిది. ఒక్క కాపీ చాలనుకుంటే ఖర్చూ తక్కువే, ఎందుకంటే స్క్రీన్లు తీసే పని ఉండదు. ఇరవై ముప్పై కాపీలు కావాలంటే లెక్క స్క్రీన్ ప్రింటు వైపు తిరుగుతుంది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇంకు పిగ్మెంటా (సన్నటి రంగు రేణువులది), డైయా (నీళ్లలో కరిగే రంగుది)? డై అయితే తీసుకోవద్దు. మ్యాట్ కాగితం మీద ట్రయల్ ముక్క తీయించి, ఆరాక నీటిచుక్క వేస్తే డై పాకుతుంది, పిగ్మెంట్ నిలుస్తుంది. ఫైలు అంగుళానికి 300 పిక్సెళ్లుండాలి, అంటే 16×20 అంగుళాల బొమ్మకి 4800×6000. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో దీనికి పనికిరాదు.

కాన్వాసు సంగతి. అద్దం లేకుండా తగిలించేది కాబట్టి దుమ్ము, వంటింటి పొగ, బల్లి రెట్టలు అన్నీ దాని మీదే. వానల్లో వదులై మూలల దగ్గర ముడతలు పడుతుంది. అద్దం మెరుపు అసలు పడదనేవాళ్లకి తప్ప నేను చెప్పను. పొందూరు ఖాదీ మీద వేయిద్దామని కొందరికి సరదా. చేత్తో వడికిన నూలు హెచ్చుతగ్గులుగా ఉంటుంది, సూటి అంచులున్న బొమ్మ నిలవదు. ఆ గుడ్డని కట్టుకోవడమే మర్యాద.

మొత్తం మీద ప్రేమకీ ప్రైడ్‌కీ స్క్రీన్ ప్రింటు, వేసవికి జిక్లే. ఒకటే కొనగలిగితే స్క్రీన్ ప్రింటే కొనమంటాను.

ఏది కొన్నా సగం ఆయుష్షు పటం కట్టే షాపులో తేలుతుంది. దేవుడి పటాలు కట్టినట్టు బొమ్మని నేరుగా అద్దానికి నొక్కేస్తే తేమకి ఇంకు అద్దాన్ని పట్టుకుంటుంది, విప్పితే పొర లేచిపోతుంది. మధ్యలో మౌంట్ బోర్డు (కిటికీలా కోసిన మందపాటి అట్ట) పెట్టించండి, అదీ యాసిడ్ లేనిదే. సెల్లోటేపు పసుపు మరక వదులుతుంది. పై అంచున రెండుచోట్ల పలుచటి కాగితం పట్టీ, గోధుమపిండి జిగురు చాలు. నాలుగు వైపులా అంటిస్తే కాగితం సాగడానికి చోటు లేక అలలు తేలుతుంది. వెనక హార్డ్‌బోర్డు వేస్తే చెదలకి విందు, సన్‌బోర్డు (ప్లాస్టిక్ ఫోం బోర్డు) వేయించండి. మామూలు అద్దం ఎండలోని యూవీని (రంగుని వెలిసేలా చేసే అతినీలలోహిత కిరణాలని) పూర్తిగా ఆపదు, యూవీ ఆపే అక్రిలిక్ దొరికితే మేలు, లేకపోతే కిటికీకి ఎదురు గోడ వదిలేయండి. వానజల్లు కొట్టే బయటి గోడ కూడా వద్దు, రెండు గదుల మధ్య గోడే సరైనది. ఫ్రేము వెనక కింది మూలల్లో రబ్బరు బిళ్లలు రెండు అంటిస్తే గాలి ఆడుతుంది. తీరం వైపు ఇళ్లలో ఇనుప మేకు తుప్పు పట్టి గోడ మీద కారుతుంది, ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో కొట్టించండి.