చింపిన పేపరు మళ్లీ ఒకటయ్యే ఐటమ్: 6 ఏళ్లు వాడాక

ఈ మ్యాజిక్ ఐటమ్ మీద నాకున్న కోపమంతా ఒక్కదాని గురించే: తయారు చేసి పెట్టుకున్న పేపరు నిల్వ ఉండదు. రెండున్నర నిమిషాల ఐటమ్‌కి అరగంట కూర్చుని మడతలు పెట్టాలా అని కొత్తవాళ్లు గొణుగుతారు. ఆ అరగంట నిజానికి పెద్ద లెక్క కాదు. ఇంట్లో తీరిగ్గా, రేడియో పెట్టుకుని చేసుకునే పని. ఒళ్లు మండేదెప్పుడంటే, అంత ఓపిగ్గా చేసిన సరుకు వారం తిరిగేసరికి పనికిరాకుండా పోయినప్పుడు.

చదివేవాళ్లు ఈ ఐటమ్ చేసేవాళ్లే అనుకుని రాస్తున్నాను కాబట్టి చేతివాటం జోలికి వెళ్లను. నేను వాడేది పాత మడతల పద్ధతి: అలాంటిదే రెండో పేపరుని మడిచి ప్యాకెట్టులా చేసి మొదటిదాని వెనక అతికిస్తాం, ముందుది చింపి, ముక్కల్ని వెనక దాచి, ప్యాకెట్టుని తెరుస్తాం. మెజీషియన్ డగ్ హెన్నింగ్ చేతిలో పేరు తెచ్చుకున్న జీన్ ఆండర్సన్ పద్ధతిలో పేపరు ఒక్క విదిలింపుకి తెరుచుకుంటుంది, చూడ్డానికి దీనికన్నా ఎంతో బాగుంటుంది. తయారీ కూడా అంతకు తగ్గట్టే ఎక్కువ. నిల్వ గోల మాత్రం రెండింటికీ ఉంది, ఎందుకంటే రెండింటిలోనూ వాడేది న్యూస్‌ప్రింటే, అంటే వార్తాపత్రికల కాగితమే.

టైము సంగతి ముందే చెప్పేస్తాను. ఒక్కటే చేసుకుంటే 25 నిమిషాలు. ఆరు కలిపి చేస్తే గంటంబావు, అంటే ఒక్కోదానికి పన్నెండు, పదమూడు నిమిషాలు. మడతలన్నీ ఒకసారి, జిగురంతా ఒకసారి, బరువు పెట్టడం ఒకసారి. చెయ్యి ఒకే పనికి అలవాటు పడితే వేగం దానంతటదే వస్తుంది. తర్వాత రాత్రంతా లావాటి పుస్తకాల కింద ఉండాలి, అది ఎటూ తప్పదు.

పేపర్ల ఎంపికలో మొదటి నియమం: రెండూ ఒకే రోజువి అయితే చాలదు, ఒకే కట్టలోవి అయ్యుండాలి. రాత్రి ఆలస్యంగా వార్త ఏదైనా వస్తే తర్వాత అచ్చయ్యే కాపీల్లో మొదటి పేజీ మారిపోతుంది. హెడ్డింగు అదే ఉండి ఫొటో మారడం, ఫొటో అదే ఉండి కింది ప్రకటన మారడం మామూలే. ఒకే కట్టలో ఉన్నా రంగు ఒక కాపీలో కాస్త పక్కకి జరిగి ఉండొచ్చు. ఎర్ర అక్షరాల అంచున నీలం నీడ కనిపిస్తే ఆ కాపీ పక్కన పెట్టండి. అందుకే ఇప్పుడు మొదటి పేజీ వాడటం మానేశాను. లోపలి షీటు, పెద్ద ఫొటో లేనిది, నిండా అక్షరాలున్నది మేలు. అక్షరాల గజిబిజి మడత గీతల్ని మింగేస్తుంది. పేపరుకి పైనా కిందా కనిపించే రంపపు పళ్ల అంచుని, సూది గుచ్చినట్టుండే బెజ్జాలనీ కత్తిరించొద్దు. అవి ఉంటేనే అది బయట దొరికే మామూలు పేపరని చూసేవాళ్లకి అనిపిస్తుంది.

రెండోది పీచు. పెద్ద సైజు పేపర్లలో కాగితం పీచు పై నుంచి కిందికి ఉంటుంది. నిలువుగా చింపితే గీత గీసినట్టు చినుగుతుంది, అడ్డంగా చింపితే ఎటో వంకర తిరిగి పోతుంది. టాబ్లాయిడ్ సైజులో, అంటే పెద్ద పేపరులో సగం ఉండేదాంట్లో, ఇది తిరగబడుతుంది, అడ్డంగానే తిన్నగా చినుగుతుంది. ఒక సైజుకి అలవాటు పడి హఠాత్తుగా రెండోదానికి మారితే చింపే చెయ్యి తడబడి, చిరుగు వెనకాల అతికించిన ప్యాకెట్టు దాకా వెళ్లిపోతుంది. సైజు మార్చినప్పుడల్లా ఉత్త పేపరు మీద పది సార్లయినా చింపి చూసుకోవాలి. అడ్డం చిరుగు తప్పనిసరి అయితే ఆ గీత మీద ముందు రోజే ఒకసారి గట్టిగా మడిచి, గోటితో రాసి, మళ్లీ విప్పి పెడితే మాట వింటుంది.

మడతల దగ్గర నాలుగు దాటొద్దు. నాలుగు మడతలకి పదహారు పొరలు, అయిదుకి ముప్ఫై రెండు. న్యూస్‌ప్రింట్ ఎంత పలచనిదైనా ముప్ఫై రెండు పొరలు కలిస్తే, నొక్కి పెట్టాక కూడా రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. నొక్కకపోతే లోపలి గాలితో దానికి రెట్టింపు. పక్క నుంచి చూసేవాడికి ఆ ఉబ్బు తెలిసిపోతుంది. సగానికి సగం మడుచుకుంటూ పోవడం కన్నా ముందుకీ వెనక్కీ విసనకర్రలా వేసే మడత మంచిది, ఒక్క లాగుడుకి తెరుచుకుంటుంది. ప్రతి మడతకీ లోపలి పొర బయటికి తోసుకొస్తుంది కాబట్టి, అంచుకి అంచు కలపకుండా ఒక మిల్లీమీటరు లోపలికి ఆపాలి. చివర్లో, లాగాల్సిన మూలని ఒక సెంటీమీటరు మేర వెనక్కి మడిచి పెట్టుకోండి. బొటనవేలికి అదే గుర్తు. అది లేకపోతే వేలికి ఒకేసారి రెండు పొరలు తగిలి పేపరు సగమే తెరుచుకుంటుంది. దులుపుతూ నిలబడితే ఐటమ్ పోయినట్టే.

జిగురు విషయంలో తిరగని దారి లేదు. నీళ్లు కలిసిన తెల్ల జిగురు పెడితే న్యూస్‌ప్రింట్ ఉబ్బి, ఆరాక అరచేయంత ముడత మిగులుతుంది. ఎదురుగా లైటు పడితే ఆ ముడత నీడ ఆరో వరస దాకా కనిపిస్తుంది. డబుల్ సైడ్ టేపు త్వరగా అయిపోతుంది గానీ ఆ చోట కాగితం బిరుసెక్కి, పేపరు ఊపినప్పుడు అక్కడొక్కచోట ఊగదు. పంక్చర్లు వేసే సొల్యూషన్ లాంటి రబ్బరు జిగురు ముడత పడదు, మెత్తగా వంగుతుంది. తీరు బాగుందని రెండేళ్లు అదే వాడాను, అందరికీ అదే చెప్పాను కూడా. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి: తయారు చేసిన రెండు మూడు రోజుల్లో వాడేస్తేనే అది మంచిది. నిల్వ పెడితే గోధుమ రంగు తిరిగి ముందు వైపుకి మరక దిగుతుంది, పట్టు పోయి పొడిబారుతుంది. ప్రస్తుతం గ్లూ స్టిక్ దగ్గర ఆగాను. అంచులంతా పూయకుండా నాలుగు మూలల్లో, మధ్యలో గోరంత మచ్చలు అయిదు. ఏసీ హాల్లో పొడిగాలికి మూలలు లేస్తాయి కాబట్టి స్టేజీ ఎక్కే ముందు ఒకసారి వేలితో ఒత్తి చూసుకోవాలి. అచ్చు సిరా కూడా ఇక్కడే ఇబ్బంది పెడుతుంది. అది గాలికి ఆరదు, కాగితంలోకి ఇంకుతుంది. పొద్దున వచ్చిన పేపరు మీద వెంటనే జిగురు రాస్తే వేళ్లకి నలుపు, ఆ వేళ్ల ముద్రలు తెల్లటి మార్జిన్ మీద. ఒక రోజు ఆగాక మొదలుపెట్టండి.

ఇక అసలు దెబ్బ. ఆరింటి కట్ట ఒకటి ప్లాస్టిక్ ఫోల్డర్లో, కిటికీ పక్క అలమరలో పదకొండు రోజులు ఉంది. ఎండ నేరుగా పడలేదు, పగటి వెలుతురు మాత్రం పడింది. అందులో ఒకటి తీసి స్టేజీ మీద చేస్తే చింపడం బాగుంది, కలపడం బాగుంది, తెరవడం ఎప్పుడూ లేనంత శుభ్రంగా వచ్చింది. తెరిచి పట్టుకున్న పేపరుకి కుడి అంచున, పై నుంచి జానెడు కింద, లేత పసుపు గీత. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ముందున్న షీటు తెల్లగా మెరుస్తోంది, వెనక దాక్కోవాల్సిన ముక్క ఒకటి కొంచెం బయటికి జరిగి పచ్చగా కనిపిస్తోంది. మామూలుగా ఆ మాత్రం జరుగుడు ఎవరికీ తెలియదు, రెండూ ఒకే రంగు కాబట్టి పేపరు అంచులాగే ఉంటుంది. ఆ రోజు మాత్రం తెల్ల చొక్కా కింద పాత బనీను తొంగిచూసినట్టు ఉంది. చప్పట్లు మొదలయ్యాయి, మధ్యలో ఎవరో "వెనకాల ఇంకోటుంది" అన్నారు, చప్పట్లు అక్కడే తగ్గిపోయాయి.

కారణం కనుక్కోవడం కష్టమేం కాలేదు. న్యూస్‌ప్రింట్‌ని చెక్కని నూరి చేసిన గుజ్జుతో తయారు చేస్తారు, అందులో చెక్కలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం అలాగే మిగిలి ఉంటుంది. వెలుతురు, గాలి తగిలితే అది పచ్చబడుతుంది. బయటి షీటుకి పదకొండు రోజుల వెలుతురు తగిలింది. మడతల లోపల ఉన్న షీటుకి అసలు తగల్లేదు. ఒకే రోజు, ఒకే కట్టలో కొన్న కవలలు రెండు వేర్వేరు వయసుల్లో తేలారు. మిగిలిన అయిదూ విప్పి పక్కపక్కన పెడితే అన్నిటిలోనూ ఇదే తేడా. ఇంట్లో బల్బు వెలుతుర్లో పట్టుకుంటే తెలియడం లేదు, తెల్లటి స్టేజీ లైటు కింద కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. కాబట్టి పరీక్ష ఏదైనా తెల్ల లైటు కిందే చెయ్యాలి.

ఆ తర్వాత చేసిన మార్పులు మూడు. పేపర్లు వెలుతురు దూరని అట్ట కవర్లో, ఒక్కోటి విడిగా. వెనక మూలన పెన్సిలుతో తయారైన తేదీ. ఆరు రోజులు దాటితే విప్పి ప్రాక్టీసుకి. అట్ట కవర్లో ఉంటే రంగు ఇంకా చాలా రోజులు నిలుస్తుంది, నిజమే. అంతలోపు మడతల దగ్గర కాగితం పెళుసెక్కి, తెరిచేటప్పుడు మడత కూడలిలో చిన్న చిల్లు పడుతోంది. చెక్కుచెదరని పేపరని చూపించి అందులో చిల్లు చూపిస్తే ఏం బాగుంటుంది?

ఈ ఐటమ్ మీద మొదట్లో నా అభిప్రాయం వేరు. ప్రోగ్రామ్ ముగించడానికి దీన్ని మించింది లేదని చాలామందికి చెప్పాను. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను, షరతులు చేరుస్తాను. లైటు ముందు నుంచి పడాలి. వెనక కిటికీ గానీ, వెలుగుతున్న తెర గానీ ఉంటే ప్యాకెట్టు నల్లటి చతురస్రంలా కాగితంలోంచి కనిపిస్తుంది. జనం ఎదురుగానే ఉండాలి, చుట్టూ కూర్చుంటే వద్దు. నెత్తిన ఫ్యాను ఉంటే ఆపించాలి, ఆరుబయట అయితే ఆ రోజుకి ఇంకో ఐటమ్ చూసుకోవాలి. ఇవన్నీ కుదిరినప్పుడు మాత్రం, పేపరు తెరుచుకున్న ఆ ఒక్క క్షణానికి వచ్చే స్పందన నా దగ్గరున్న ఖరీదైన పెట్టెలు వేటికీ రాలేదు. ఎందుకంటే పేపరు అందరి ఇంట్లో ఉండేదే.

దీర్ఘ తయారీ ఉన్న ఐటమ్స్ అన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు అని ఇన్నాళ్లకి తెలిసొచ్చింది. వరుసలో పేర్చిన పేక చూడండి. సై స్టెబిన్స్ వరుస అంటే కళావరు, ఆఠీను, ఇస్పేటు, డైమన్ క్రమం, ఒక్కో ముక్కకీ మూడు చొప్పున పెరుగుదల. కలిసిపోయిన 52 ముక్కల్ని అలా పేర్చడానికి నాకు ఆరు నిమిషాలు. ఒకసారి పేర్చి డబ్బాలో పెడితే ఏడాది తర్వాత తీసినా అలాగే ఉంటుంది. కోతలు ఎన్ని వేసినా వరుస చెడదు. ఫారో కలుపుడు, అంటే పేకని సరిగ్గా సగం చేసి ఒక్కో ముక్క మధ్య ఒక్కో ముక్క దూర్చి కలపడం, చేతనైనవాళ్లు పై ముక్క పైనే ఉండేలా ఎనిమిది సార్లు కలిపి, మొదలున్న చోటికే తేగలరు. దానికి గండం ఒక్కటే, ఎవరో చొరవగా పేక లాక్కుని కలిపేయడం. జేబులో రెండో పేక ఉంటే అదీ తీరిపోతుంది.

కంటికి కనపడని దారంతో చేసేవి ఇంకో రకం. వాటికి తయారీ ఇంట్లో కుదరదు, హాల్లోనే కట్టాలి, అదీ జనం రాకముందు, లైట్లు ఎక్కడున్నాయో చూసుకుని. నిర్వాహకులు ఆ ఇరవై నిమిషాలు హాలు ఖాళీగా ఇస్తామంటారు, తీరా వెళ్తే కుర్చీలు మోసేవాళ్లు అటూ ఇటూ తిరుగుతుంటారు. దానితో పోలిస్తే పేపరు ఎంతో నయం. హాల్లో దాని సెటప్ సున్నా, కవర్లోంచి తీసి మిగతా పేపర్ల మధ్య పెట్టడమే. ఒకే రోజు మూడు ప్రోగ్రాములున్నా నాలుగు కవర్లు పట్టుకెళ్తే సరిపోతుంది, మూడు ఆటకి, ఒకటి అదనం. రెండు ప్రోగ్రాముల మధ్య మళ్లీ సర్దుకోవడమన్నదే లేదు. టేబుల్ టేబుల్‌కీ తిరిగి చేసేవాళ్లకి మాత్రం ఇది కుదరదు. వాడిన ముక్కలు ఎక్కడ పడేయాలన్నదే వాళ్లకి పెద్ద సమస్య.

నా వరకైతే దీన్ని వదల్లేదు. వారానికి రెండు మూడు స్టేజీ ప్రోగ్రాములుంటాయి, తయారు చేసిన ఆరూ ఆరు రోజుల్లో దాదాపు ఖర్చయిపోతాయి, మడతలు పెట్టడం నాకు విసుగనిపించదు. నెలకి ఒకటో రెండో చేసేవాళ్లయితే ఒకేసారి ఆరు చేసుకోవద్దు. ముందు రోజు రాత్రి రెండే చేసుకోండి, ఒక్కోదానికి 25 నిమిషాలు పడుతుంది, పడనివ్వండి. నా రోజులు కూడా అలా మారితే ఇది పెట్టెలో ఉంటుందో లేదో ఇప్పుడే చెప్పలేను. వానాకాలంలో మాత్రం ఎవరైనా సరే రాత్రంతా బరువు కింద పెట్టిన పేపర్లు పొద్దున తీసి వెంటనే కవర్లో వేయొద్దు. గంటసేపు పొడిగా ఉన్న చోట పరిచి ఉంచండి, లేకపోతే గ్లూ స్టిక్ మచ్చలు చెమ్మగా మిగిలిపోయి లోపలి పొరకి కూడా అంటుకుంటాయి.