మస్టాంగ్‌కు వేసిన రిలొకేషన్ బ్రాకెట్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

డాలస్‌లో నేను నడిపే కారు 2012 మస్టాంగ్ జీటీ. 412 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు, వెనుక సాలిడ్ యాక్సిల్, అంటే రెండు వెనుక చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. 2015 నుంచి మస్టాంగ్‌కు వెనుక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికాచక్రం విడిగా కదిలేది) వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి కార్లకు ఈ బ్రాకెట్లు, అంటే యాక్సిల్‌ను బాడీకి కలిపే కింది కడ్డీల వెనుక కొసను కిందికి దించే బిగింపులు, పనికిరావు.

కొన్న కొత్తలో చూడ్డానికి బాగుంటుందని కారును కిందికి దించే స్ప్రింగులు వేయించాను. కష్టాలు అక్కడే మొదలయ్యాయి. క్లచ్ గట్టిగా వదిలితే చాలు, వెనుక చక్రాలు దడదడా ఎగిరేవి. రోడ్డు మీద టైరు మచ్చ గీతలా కాకుండా ముక్కలు ముక్కలుగా పడేది. ఏ యాక్సిల్ షాఫ్టో విరుగుతుందేమోనని ఒకటే టెన్షన్.

కారణం తెలిశాక విషయం సులువుగానే అర్థమైంది. కారు కిందికి దిగితే లోయర్ కంట్రోల్ ఆర్మ్ (యాక్సిల్‌ను బాడీకి కలిపే కింది కడ్డీ) వెనుక కొస ముందు కొస కంటే ఎత్తుకు వెళ్తుంది. అప్పుడు యాక్సిల్ ముందుకు తోసే బలం కారు వెనుక భాగాన్ని కూలబడేలా చేస్తుంది. బ్రాకెట్ ఆ వెనుక కొసను కిందికి దించుతుంది. దాంతో అదే తోపు బాడీని పైకెత్తుతూ టైరును నేలకు అదుముతుంది.

నా బ్రాకెట్లకు మూడు రంధ్రాలున్నాయి. ఎంత కిందికైతే అంత మంచిదనుకుని అన్నిటికంటే కింది రంధ్రంలో బిగించి ఎన్నిస్‌లోని టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ అనే డ్రాగ్ రేస్ ట్రాక్‌కు వెళ్లాను. అక్కడ ట్రాక్ అంతా కాంక్రీటు. టైరు మొదట గట్టిగా పట్టింది, కొన్ని అడుగులు పోయాక పట్టు వదిలేసి గిర్రున తిరిగింది. హైవే మీద బ్రేక్ గట్టిగా తొక్కినా వెనుక చక్రాలు అదిరాయి, అది మాత్రం నిజంగా భయపెట్టింది. మధ్య రంధ్రంలోకి మార్చాక రెండు సమస్యలూ పోయాయి. అవే డ్రాగ్ రేడియల్స్ (డ్రాగ్ రేసుల కోసం చేసిన, పట్టు ఎక్కువుండే టైర్లు), అదే 18 పీఎస్‌ఐ గాలి. మొదటి అరవై అడుగుల టైమ్ 2.05 సెకన్ల నుంచి 1.82కి దిగింది. నాలుగేళ్లుగా అందులోనే ఉంచాను.

యాక్సిల్‌ను పై నుంచి పట్టుకునే అప్పర్ ఆర్మ్‌ను కూడా పొడవు మార్చుకోగలిగే అడ్జస్టబుల్ రకంతో మార్చాను. దాని పని పినియన్ కోణం (డ్రైవ్‌షాఫ్ట్ వచ్చి యాక్సిల్‌ను కలిసే చోటి వాలు) సరిచేయడం, నాది మైనస్ 2 డిగ్రీల దగ్గర పెట్టాను. కారు బరువు నాలుగు చక్రాల మీద ఉన్నప్పుడే కొలవండి; బాడీని జాకీ మీద లేపి, యాక్సిల్ వేలాడుతుండగా కొలిస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు. దించిన కారులో యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది కాబట్టి యాక్సిల్‌ను అడ్డంగా కదలకుండా పట్టుకునే పాన్‌హార్డ్ బార్ కూడా అడ్జస్టబుల్‌దే తీసుకోండి.

ఇబ్బందులు లేకపోలేదు. మొదటి వారంలోనే బ్రాకెట్ బోల్టులు వదులై టక్కుటక్కుమన్నాయి, మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించాల్సి వచ్చింది. కొత్త ఆర్మ్‌లతో వచ్చిన పాలీ బుష్‌లు (కొసల్లో రబ్బరు బదులు ఉండే గట్టి పాలీయురేథేన్ తొడుగులు) ఆర్నెల్లకోసారి గ్రీజు పెట్టకపోతే కిర్రుమంటాయి. డిఫరెన్షియల్ (వెనుక యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) మోత కూడా లోపలికి కాస్త ఎక్కువగా వినిపిస్తుంది. పిల్లల్ని రోజూ స్కూల్లో దింపే కారైతే ఆర్మ్‌లు మార్చకండి, ఒక్క బ్రాకెట్లు చాలు.

ఇప్పుడు టైరు మచ్చ తెగకుండా పడుతోంది. కుడి పక్కది మాత్రం ఎడమదానికంటే పలచగా ఉంటోంది, అంటే లాంచ్‌లో (నిలబడ్డ చోటి నుంచి ఒక్కసారిగా దూకేటప్పుడు) ఆ చక్రం మీద బరువు తగ్గుతోందన్నమాట. కారు పక్కకు ఒరగకుండా ఆపే వెనుక స్వేబార్‌కు అడ్జస్టబుల్ లింకులు తెప్పించాను. వచ్చే నెల వాటితో కుడి పక్క కొంచెం ప్రీలోడ్ (ముందే పెట్టే అదనపు ఒత్తిడి) ఇచ్చి చూడాలి.