గేటు పక్కన ఏది మేలు: నూరు వరహాలా, పొట్టి నందివర్ధనమా?

గేటు పక్కన వరసగా పెట్టడానికి ఏడాదంతా పచ్చగా ఉండి, పూలు పూస్తూ, నడుం ఎత్తు దాటని మొక్క ఏదో చెప్పమని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. తిరిగి తిరిగి అందరూ వచ్చి ఆగేది రెండింటి దగ్గరే: చిన్నాకు నూరు వరహాలు, పొట్టి నందివర్ధనం.

అందంలో నూరు వరహాలదే పైచేయి, అందులో వాదనేం లేదు. ఎర్రటి గుత్తులు, వాటి మీద సీతాకోకచిలుకలు, కడియం నర్సరీల్లో కవరు మొక్కలు చూస్తే వేరేది కొనబుద్ధి కాదు. కానీ నన్నడిగితే ముందు చూడాల్సింది మీ ఇంట్లో బకెట్. బోరు నీళ్లు పట్టే బకెట్ అంచున తెల్లటి పొర గట్టిగా పేరుకుంటోందా? అయితే ఆ నీళ్లలో సున్నం ఎక్కువ. నూరు వరహాలకు కాస్త ఆమ్ల గుణమున్న నేల కావాలి, పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే హాయిగా పెరుగుతుంది. సున్నపు నీళ్లే పోస్తూ పోతే ఆ ఆమ్ల గుణం తగ్గిపోయి, నేలలో ఇనుమున్నా వేర్లు తీసుకోలేవు. లేత ఆకుల్లో ముందు తెలుస్తుంది, ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్యలో పసుపెక్కుతుంది, ముదిరితే దాదాపు తెల్లబడుతుంది. అది చూసి నీళ్లు చాల్లేదనుకుని ఇంకో బకెట్ అవే నీళ్లు కుమ్మరిస్తారు!

లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుమున్న లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే రంగు తిరుగుతుంది. పోసే నీళ్లు మారవు కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. కొత్త గోడ మొదట్లో నాటితే మరీ కష్టం, రాలిన సిమెంటంతా అక్కడే ఉంటుంది కదా, అందులోనూ సున్నమే. కాలువ నీళ్లో, పట్టుకున్న వాన నీళ్లో ఉన్నవాళ్లు మాత్రం నిశ్చింతగా నూరు వరహాలే పెట్టుకోండి. నెలనెలా గోడలా కత్తిరించకండి, పూసేది కొమ్మ చివర్లోనే.

నందివర్ధనం ఇన్ని పేచీలు పెట్టదు. బోరు నీళ్లకు సర్దుకుంటుంది, సగం నీడలోనూ పూస్తుంది, పొద్దున్నే పూజకు నాలుగు తెల్లపూలు ఖాయం. దీనికి వచ్చే చిక్కల్లా ఒక లావుపాటి ఆకుపచ్చ గొంగళి, తల దగ్గర రెండు నీలం కళ్లలాంటి మచ్చలుంటాయి. ఆకుల్లో కలిసిపోయి కనబడదు, కింద నేల మీద మిరియాల్లాంటి రెట్టలుంటే పైన వెతకండి, చేత్తో ఏరేస్తే చాలు, మందులక్కర్లేదు. కొనేటప్పుడు పొట్టి రకమేనా అని గట్టిగా అడగండి, మామూలు రకం మనిషెత్తు దాటిపోతుంది. మా ఇంటికైతే నేను దీన్నే తెచ్చాను.

మందారమా? బాగుంటుంది, కానీ పొట్టిగా ఉండమంటే వినదు, పైగా పిండినల్లి. గన్నేరు ఎండకు మొండిది, కాకపోతే మొక్కంతా విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.