కట్టెలు చీల్చడానికి గొడ్డలా, సమ్మెటా, మిషనా: ఒంటికి ఏది మేలు?

ఇంటింటికీ గ్యాస్ వచ్చినా కట్టెల పని పూర్తిగా పోలేదు. చలికాలంలో స్నానాల నీళ్ళ కాగు కింద, పెళ్ళి వంటల గాడిపొయ్యి దగ్గర ఇంకా కట్టెలే. మొద్దులు తెచ్చి ఇంట్లో చీల్చుకుంటే ఖర్చు తగ్గుతుంది. కానీ నడుము పట్టేస్తుందేమో, చేతులు పోతాయేమో అని చాలామందికి భయం. ఇంటి అవసరం వరకూ నా ఓటు గొడ్డలికే. ఒకటే షరతు: మొద్దును నేల మీద పెట్టి కొట్టకూడదు.

ముందు లాభం సంగతి. 65 కిలోల మనిషి మామూలు ఊపులో గంటసేపు కట్టెలు చీలిస్తే సుమారు 290 కేలరీలు ఖర్చవుతాయి. గట్టిగా కొడితే 400 దాటుతుంది. చురుగ్గా నడిస్తే అదే గంటకు 280 దాకా. అంకెల్లో పెద్ద తేడా లేకపోయినా నడకలో రెక్కలకు పనుండదు. గొడ్డలి దెబ్బలో పాదాల దగ్గర మొదలైన బలం తొడలు, తుంటి, పొట్ట కండరాల మీదుగా జబ్బలకు, ముంజేతులకు చేరుతుంది. ఇన్నిటికీ ఒకేసారి పని చెప్పే వ్యాయామాలు జిమ్‌లోనూ తక్కువే. బొలీవియా అడవుల్లోని చిమానే తెగ మగవాళ్ళ మీద 2013లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. గంటసేపు గొడ్డలితో చెట్లు నరికాక వాళ్ళలో కండల పెరుగుదలకు తోడ్పడే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ 47 శాతం దాకా పెరిగింది. ఫుట్‌బాల్ ఆడినప్పుడు పెరిగింది 30 శాతమే. అయితే అది పని చేసిన వెంటనే కనిపించే పెరుగుదల. దాన్ని పట్టుకుని కట్టెలు కొడితే కండలు వచ్చేస్తాయని చెప్పేవాళ్ళను నమ్మకండి.

ఇక నడుము. దాన్ని పాడుచేసేది దెబ్బ కాదు, వంగడం. కొట్టాల్సిన కట్టె నేల మీద ఉంటే ప్రతి దెబ్బకూ వెన్ను ముందుకు వంగుతుంది. ఊపుకు కాస్త పక్కకు కూడా తిరుగుతుంది. వంగి, తిరిగి, బరువు దించడం అనే మూడూ కలిస్తే వెన్నుపూసల మధ్య డిస్కులకు అంతకంటే చెడ్డ భంగిమ లేదు. పైగా గురి తప్పితే గొడ్డలి జారి ముంగాలి మీదికి వస్తుంది. అందుకే అడుగున మోకాలి ఎత్తుకు కాస్త తక్కువగా ఒక దుంగ ఉండాలి. చింత మొద్దు దొరికితే మరీ మంచిది. మాంసం దుకాణాల్లో కొట్టే మొద్దు చింతదే ఎందుకంటే, దాని నార అల్లుకుపోయి ఎన్ని దెబ్బలకూ పగలదు. కాళ్ళు ఎడంగా పెట్టి, గొడ్డలి దిగేటప్పుడు నడుము బదులు మోకాళ్ళు వంచాలి. అప్పుడు గురి తప్పినా వాదర చాలావరకు దుంగలోనే దిగుతుంది, కాలి మీదికి వచ్చే ప్రమాదం తగ్గుతుంది.

పేళ్ళు ఏరడానికి కూడా వంగకండి, గొంతుక్కూర్చుని తీయండి. నడుంనొప్పి కొట్టడంలోనే కాదు, ఏరడంలోనూ వస్తుంది.

గొడ్డలి బరువైతే పని తొందరగా అవుతుందనుకుంటారు. బరువు రెట్టింపు చేస్తే దెబ్బలో శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపు చేస్తే నాలుగింతలవుతుంది. బరువు గొడ్డలిని ఎత్తడానికే భుజాలు అలిసిపోతే వేగం ఎక్కడిది? మీరు సులువుగా ఊపగలిగినదే తీసుకోండి. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి గొడ్డలి తల దగ్గర, దించేటప్పుడు అది కామ మీదుగా కిందికి జారాలి. కామను బిగించి పట్టేవాళ్ళకే అరచేతుల్లో బొబ్బలు, మోచేతి బయటి వైపు నొప్పి. అలవాటు లేనివాళ్ళకు రెండు మూడు రోజులు ఒళ్ళు నొప్పులు ఖాయం. అది మామూలే, తగ్గిపోతుంది. పిర్ర నుంచి కాలిలోకి గుంజే నొప్పి మాత్రం మామూలు కాదు, పని ఆపి డాక్టర్‌కు చూపించుకోవాలి.

సమ్మెట, ఇనుప చీల వరస వేరు. కణుపులున్న తుమ్మ, మెలిక తిరిగిన వేప గొడ్డలికి లొంగవు. అక్కడ చీల దిగేసి సమ్మెటతో కొడితేనే దారి. గొడ్డలితో అదే మొద్దును పది చోట్ల గాట్లు పెట్టడం కంటే ఒంటికి ఇదే తేలిక. కానీ ఇనుము మీద ఇనుము కొట్టిన అదురంతా మణికట్టుకు వస్తుంది. అసలు ప్రమాదం కంటికి. దెబ్బలు తిని తిని చీల తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ అంచుల నుంచి ఎగిరిన ముక్క కంట్లో దిగితే చూపు పోవచ్చు. విచ్చుకున్న అంచును గ్రైండింగ్ పట్టించాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. ఈ రెండూ చెయ్యనివాళ్ళు చీల జోలికి పోకపోవడమే మంచిది.

మిషన్ క్యాటరింగ్ వాళ్ళకు, కట్టెల అడితి వాళ్ళకు తప్పనిసరి. రోజంతా గొడ్డలి ఎత్తితే ఎవరి భుజాలూ నిలవవు. అలాగని నడుముకు శ్రమ తప్పదు, మొద్దును ఎత్తి మిషన్ మీద పెట్టాల్సింది మనిషే. తిరిగే స్క్రూ ఉన్న రకమైతే తువ్వాలు, చీర కొంగు, వదులు చొక్కా చేతులు దగ్గరికి రానివ్వకూడదు. చుట్టుకుంటే స్విచ్ ఆపేలోపే చెయ్యి పోతుంది.

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, హెర్నియా, డిస్క్ సమస్య ఉన్నవాళ్ళకు గొడ్డలి వద్దు. ఊపిరి బిగబట్టి కొట్టినప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. కూలికి కట్టెలు కొట్టేవాళ్ళు దెబ్బదెబ్బకూ 'హుఁ' అనడం ఊరికే కాదు, ఆ శబ్దంతో ఊపిరి బయటికి పోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా అలాగే కొట్టాలి, పది దెబ్బలకోసారి ఆగాలి. మొదటి రోజు పావుగంట చాలు. ఇబ్బందులున్నవాళ్ళు అడితిలోనే చీల్పించి తెచ్చుకుని, రెండేసి పేళ్ళు మోస్తూ నిదానంగా పేర్చుకోవచ్చు.