పర్లాకిమిడి స్టేషన్ దారిలో వడ, ఘుగ్ని బండి

బోర్డు లేని బండి, స్టేషన్ నుంచి బజారుకి వచ్చే దారిలో వేపచెట్టు కింద ఉంటుంది. రుచికి ఐదుకి ఐదు ఇస్తాను. మినప వడ పైన కరకర, లోపల మెత్తన. చట్నీ కన్నా ఘుగ్నితో తినండి. ఎండు బఠాణీల కూర, పైన సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ. వేడి వడ విరిచి అందులో వేసి, పులుసు పీల్చుకునే దాకా కాసేపు ఆగాలి. ఆ ఆగడం నాకు భలే ఇష్టం. ఫోను జేబులో పెట్టేసి, చెట్టు మీద గోరింకల గోల వింటూ కూర్చుంటాను. రిటైరయ్యాక పొద్దున్నపూట ఇదొక్కటి కుదిరితే చాలు, ఆ రోజంతా నాకే కొరతా ఉండదు.

బండి అమ్మ ఒకరితో ఒడియాలో, ఇంకొకరితో తెలుగులో మాట్లాడుతూనే మూకుట్లో వడలు తిప్పుతుంది. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది గానీ మా వీధుల్లో రెండు మాటలూ అలాగే ఉన్నాయి. "ఇంకోటి ఎయ్యనా బాబూ?" అంటే వద్దనలేం.

టీలో తీపి ఎక్కువ, ముందే చెప్పుకోండి. బెంచీ ఒక్కటే. తొమ్మిది దాటితే ఘుగ్ని దొరకదు. గిన్నె పట్టుకెళ్తే ఇంటికీ పోసిస్తుంది.