పిల్లల ఎమర్జెన్సీకి ఏ దారి మేలు: పీడియాట్రిక్స్ నుంచా, ఎమర్జెన్సీ మెడిసిన్ నుంచా?

మూడు వారాల పసికందు. జ్వరం 38.2 డిగ్రీల సెల్సియస్. జలుబు లేదు, దగ్గు లేదు. పొద్దుటి నుంచి పాలు సరిగా తాగడం లేదని తల్లి చెబుతోంది. బిడ్డ ఏడవడం కూడా లేదు. పక్క బెడ్డు మీద సైకిల్ మీంచి పడ్డ పన్నెండేళ్ల పిల్లాడు కడుపు పట్టుకుని గోల పెడుతున్నాడు. పీడియాట్రిక్స్ చదివిన డాక్టర్ కాళ్లు మొదటి బెడ్డు వైపు వెళ్తాయి. ఎమర్జెన్సీ మెడిసిన్ చదివిన డాక్టర్ చెయ్యి, పిల్లాడి కడుపు చూడటానికి, అల్ట్రాసౌండ్ మెషీన్ మీదికి వెళ్తుంది. ఇద్దరిదీ తప్పు కాదు, ఎవరికి అలవాటైన వైపు వాళ్లు కదిలారు. పిల్లల ఎమర్జెన్సీలో ఫెలోషిప్, అంటే పీజీ తర్వాతి ప్రత్యేక శిక్షణ, చేసేది అలవాటు లేని బెడ్డు దగ్గరికి కూడా అంతే ధైర్యంగా వెళ్లడానికి.

ఈ స్పెషాలిటీలోకి రెండు వైపుల నుంచీ రావచ్చు. అమెరికాలో పీడియాట్రిక్స్, ఎమర్జెన్సీ మెడిసిన్ బోర్డులు రెండూ కలిసి దీన్ని నడుపుతున్నాయి. మొదటి బోర్డు పరీక్ష 1992లో జరిగింది. అక్కడ పీడియాట్రిక్స్ మూడేళ్లు చేసినవాళ్లకు ఫెలోషిప్ ఇంకో మూడేళ్లు. ఎమర్జెన్సీ మెడిసిన్ మూడో నాలుగో ఏళ్లు చేసి వచ్చినవాళ్లకు రెండేళ్లు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో కూడా రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి, లెక్కలే వేరు. ఒక ఏడాది కలిసొస్తుందని దారి ఎంచుకునేవాళ్లను చూశాను. ముప్ఫై ఏళ్లు చేయబోయే పనికి ఆ ఒక్క ఏడాది అసలు లెక్కలోకే రాదు.

పీడియాట్రిక్స్ దారి ఇచ్చేది కన్ను. జ్వరంతో వచ్చే వందమంది పిల్లల్లో దాదాపు అందరూ రెండు రోజుల్లో మామూలుగా ఆడుకుంటారు. మిగిలిన ఒకరిని ఒంటి మీద చెయ్యి వేయకముందే, గుమ్మం దగ్గరి నుంచే పట్టుకోవాలి. చూపు నిలుపుతున్నాడా, డొక్కలు ఎగరేస్తున్నాడా, ఒంటి రంగు ఎలా ఉంది? పుస్తకంలో ఇది అరపేజీ కూడా ఉండదు. వేలమంది మామూలు పిల్లల్ని చూస్తేనే మామూలు కాని బిడ్డ కంటికి ఆనుతాడు. పేగులో పేగు దూరిన పసివాడు ఒక్కోసారి కడుపునొప్పితో రాడు. కాసేపు కాళ్లు ముడుచుకుని ఏడుస్తాడు, కాసేపు తోటకూర కాడలా వాలిపోతాడు. ఆ వాలిపోయిన నిమిషంలో చూసినవాళ్లు 'నిద్రొస్తోందేమో' అనుకుంటారు. బీపీతో ఇంకో చిక్కు. పిల్లలు షాక్‌లో ఉన్నా గుండె వేగం పెంచుకుని, రక్తనాళాలు బిగించుకుని బీపీని చాలాసేపు నిలబెట్టుకుంటారు. అది పడిపోయే సమయానికి పరిస్థితి చెయ్యి దాటుతూ ఉంటుంది. పెద్దవాళ్లను చూడటానికి అలవాటుపడ్డ డాక్టర్‌కు మానిటర్ మీద మంచి అంకె కనిపిస్తే ఊరట. పిల్లల డాక్టర్‌కు అదే అంకె పక్కన 180 గుండె వేగం, చల్లబడ్డ పాదాలు కనిపిస్తే టెన్షన్.

ఎమర్జెన్సీ మెడిసిన్ దారి ఇచ్చేది చెయ్యి. ఊపిరి అందడానికి గొంతులోంచి ట్యూబ్ వేయడం, ఛాతీలో గొట్టం పెట్టడం, ఎముక విరిగితే సరిచేయడం, ఒకేసారి ఆరుగురు వస్తే ఎవరు ముందో తేల్చడం వాళ్లకు రోజువారీ పని. ఇక్కడ పీడియాట్రిక్స్ వాళ్లం నిజం ఒప్పుకోవాలి. నేను ఆ దారిలోనే వచ్చాను. ఫెలోషిప్ మొదటి నెలల్లో, ట్యూబ్ వేయడానికి గొంతు లోపల చూపించే లారింగోస్కోప్ పట్టుకుంటే నా చెయ్యి వణికేది. అయితే పెద్దల మీద సాధించిన నేర్పు చిన్నవాళ్ల దగ్గర ఉన్నదున్నట్టు పనికిరాదు. నెలల బిడ్డకు తల పెద్దది. పెద్దవాళ్లకు పెట్టినట్టు తల కింద ఎత్తు పెడితే మెడ వంగి ఊపిరి దారి మూసుకుంటుంది, మడత పెట్టిన బట్ట భుజాల కింద ఉండాలి. ఊపిరితిత్తుల్లో నిల్వ తక్కువ కాబట్టి ఆక్సిజన్ అంకె చూస్తుండగానే జారిపోతుంది. మందుల లెక్క మరో గండం. గుండె ఆగినప్పుడు అడ్రినలిన్ కిలోకు 0.01 మిల్లీగ్రాము. పదికిలోల బిడ్డకు 0.1 మిల్లీగ్రాము, పెద్దవాళ్ల డోసులో పదో వంతు. దశాంశ చుక్క ఒక స్థానం జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బిడ్డ పొడవు కొలిచి బరువు అంచనా కట్టే బ్రోస్లో టేపు పుట్టింది ఆ కంగారులో లెక్కలు వేయలేకే.

మరి ఏది మేలు? ఆ దారిలో వచ్చాను కాబట్టి అంటున్నానని అనుకున్నా సరే, పిల్లల ఆసుపత్రిలోనే జీవితమంతా పనిచేయాలనుకుంటే పీడియాట్రిక్స్ దారే మేలంటాను. కారణం ఉంది. ట్యూబ్ అవసరమయ్యే బిడ్డ రోజూ రాడు. పెద్ద పిల్లల ఆసుపత్రిలో కూడా ఒక్కో డాక్టర్‌కు నెలల తరబడి ఆ అవకాశం దక్కకపోవచ్చు. కాబట్టి ఏ దారిలో వచ్చినా చేతి నేర్పు తుప్పు పడుతుంది. మత్తు డాక్టర్ల పక్కన నిలబడి, బొమ్మల మీద సాధన చేసి దాన్ని ఏటా పదును పెట్టుకోవాల్సిందే. కన్నుకు అలాంటి అడ్డదారి లేదు.

కానీ పెద్దలు, పిల్లలు కలిసి వచ్చే మామూలు ఎమర్జెన్సీలో పనిచేయాలనుకుంటే నా సలహా పూర్తిగా తిరగబడుతుంది. అమెరికాలోనైనా జబ్బుపడ్డ పిల్లల్లో ఎక్కువమంది ముందు చేరేది అలాంటి చోటికే, పిల్లల ఆసుపత్రికి కాదు. పీడియాట్రిక్స్ దారిలో వచ్చినవాళ్లు పెద్దల కేసులు చూడలేరు, కాబట్టి అక్కడ ఉద్యోగమే కష్టం. ఎమర్జెన్సీ మెడిసిన్ నుంచి వచ్చినవాళ్లు ఇద్దరినీ చూస్తారు. తలకు దెబ్బ తగిలిన ప్రతి బిడ్డకూ సీటీ స్కాన్ తీయకుండా ఆపగల మనిషి ఒకరుంటే ఆ విభాగం తీరే మారుతుంది. 2009లో పిల్లల ఎమర్జెన్సీ మీద పరిశోధనలు చేసే పీకార్న్ బృందం తలకు దెబ్బ తగిలిన 42 వేల మందికి పైగా పిల్లల్ని గమనించి, ఎవరికి సీటీ అక్కర్లేదో సూత్రాలు ఇచ్చింది. రెండేళ్ల లోపువాళ్లకు ఒకటి, పైవాళ్లకు ఒకటి. అది తెలిసినవాళ్లు చాలామందే. ఆత్రపడే తల్లిదండ్రుల ముందు దాన్ని నమ్మి నిలబడేవాళ్లు తక్కువ.

పీడియాట్రిక్స్, ఎమర్జెన్సీ మెడిసిన్ రెండూ కలిపి ఐదేళ్లలో చేసే రెసిడెన్సీలూ (మన పీజీ లాంటివి) అమెరికాలో ఉన్నాయి. సీట్లు తక్కువ, ఒళ్లు హూనమవుతుంది. తట్టుకోగలిగితే మంచిదే. పిల్లల ప్రాణాపాయ చికిత్స నేర్పే రెండు రోజుల పాల్స్ (PALS) కోర్సు చేసి కార్డు తెచ్చుకోవడాన్ని మాత్రం ఈ వరుసలో పెట్టొద్దు. అది అందరికీ ఉండాల్సిన కనీస అర్హత.

దారి తేలాక, చేరబోయే చోట చివరి ఏడాది ఫెలోను పక్కకు పిలిచి రెండు ప్రశ్నలు అడగండి: ఏడాది లోపు పిల్లలకు మీ చేత్తో ఎన్ని ట్యూబులు వేశారు? రాత్రి రెండింటికి నీలంగా మారిన బిడ్డ వస్తే ట్యూబ్ వేయడానికి తల వైపు నిలబడేది మీరా, మత్తు డాక్టరా? మొదటిదానికి అంకె చెప్పకుండా నవ్వితే, ఇంకో చోటు చూసుకోండి.